కూల్చిన లెక్క పక్కన పెట్టి

యుద్ధ విమానాల మీద పుస్తకం ఏది చేతికొచ్చినా, అందులో మెకానిక్ ఉన్నాడా లేడా అని ముందు వెతుకుతాను. ఉంటే ఆ రచయిత నిజం చెప్పబోతున్నాడని నాకొక నమ్మకం. రిచర్డ్ హిల్లరీ రాసిన ‘ది లాస్ట్ ఎనిమీ’ మొదలయ్యేదే ఆకురాయి పట్టుకున్న ఒక కార్పొరల్‌తో. 1940 సెప్టెంబరు 3, ఉదయం వేళ. హిల్లరీ నడిపే స్పిట్‌ఫైర్‌కు కాక్‌పిట్ మూత కొత్తగా బిగించారు. అది గాడిలో సరిగ్గా జరగడం లేదు. పైలటూ కార్పొరలూ కలిసి అరగదీశారు, నూనె రాశారు, మళ్లీ అరగదీశారు. ఎంత తంటాలు పడ్డా మూత సగం దాకే జరిగింది. ఇంతలో పైకి లేవమని పిలుపు వచ్చింది. కొద్దిసేపటికే శత్రువు గుళ్లు తగిలి కాక్‌పిట్ అంటుకుంది. మూత తెరుచుకోలేదు.

ఆ విమానంలో పెట్రోలు ట్యాంకు పైలట్‌కు ఎదురుగా, ఇంజన్ వెనకే ఉంటుంది. అది అంటుకుంటే మంట నేరుగా ముఖం మీదికీ చేతుల మీదికీ వస్తుంది. ఆ పూట హిల్లరీ గాగుల్స్ పెట్టుకోలేదు, గ్లోవ్స్ తొడుక్కోలేదు. ఎలాగో బయటపడి సముద్రంలో తేలుతున్న అతణ్ణి మార్గేట్ లైఫ్‌బోటు వాళ్లు ఒడ్డుకు చేర్చారు. అప్పటికి అతని వయసు 21.

ఇక్కడినుంచి పుస్తకం ఆసుపత్రిలో నడుస్తుంది. నా దృష్టిలో దాని అసలు బలం ఈ భాగమే. న్యూజిలాండ్ నుంచి వచ్చిన సర్జన్ ఆర్చిబాల్డ్ మెకిండో, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో కాలిన పైలట్లకు కొత్త రెప్పలు, ముక్కులు, పెదాలు అతికిస్తున్న రోజులవి. సముద్రంలో పడ్డవాళ్ల కాలిన గాయాలు నేల మీద దిగినవాళ్ల గాయాలకన్నా బాగా మానుతున్నాయని గమనించి, ఆయన ఉప్పునీటి స్నానాలు మొదలుపెట్టాడు. ఆయన చేతిలో బాగుపడ్డవాళ్లంతా ‘గినీ పిగ్ క్లబ్’ అని ఒక సంఘం పెట్టుకున్నారు. యుద్ధం ముగిసేసరికి అందులో 649 మంది తేలారు. హిల్లరీ పుస్తకం చివరి ఘట్టం, బాంబు పడ్డ ఇంటి శిథిలాల దగ్గరిది, కొంచెం అమర్చినట్టు అనిపిస్తుంది. అయినా చదవండి. పుస్తకం వచ్చిన తర్వాత అతను పట్టుబట్టి మళ్లీ విమానం ఎక్కాడు. భోజనం దగ్గర కత్తీ ఫోర్కూ సరిగ్గా పట్టుకోలేని చేతులతో రాత్రిపూట విమానం నడపడం నేర్చుకుంటూ, 1943 జనవరి 8న స్కాట్లండ్‌లో కూలి చనిపోయాడు. 23 ఏళ్లు నిండాయంతే.

అదే యుద్ధం, అదే విమానం, కానీ పూర్తిగా వేరే గొంతు కావాలంటే జెఫ్రీ వెల్లమ్ రాసిన ‘ఫస్ట్ లైట్’. 18 ఏళ్ల కుర్రాడు, బడి వదిలిన వెంటనే వైమానిక దళంలో చేరాడు. 1940 మేలో 92వ స్క్వాడ్రన్‌కు వచ్చేనాటికి స్పిట్‌ఫైర్‌ను ఒక్కసారీ నడపలేదు. తోటివాళ్లు ‘బాయ్’ అని పిలిచేవారు. ఈ పుస్తకంలో నాకు బాగా గుర్తుండేది చెడ్డ వాతావరణంలో ఒంటరిగా ఎగిరిన రోజు. సముద్రం మీద ఓడల గుంపును కాపాడ్డానికి పంపుతారు. వాన, మబ్బు, కిందా పైనా ఒకటే బూడిద రంగు. జర్మన్ బాంబర్ ఒకటి కనపడుతుంది, కాల్పులు జరుగుతాయి, అదంతా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తిరిగి రావడమే పెద్ద యుద్ధం. నేల ఎటుందో తెలియదు, పెట్రోలు తగ్గిపోతోంది. ఆ పేజీలు చదువుతుంటే అరచేతులు చెమట పడతాయి.

వెల్లమ్ 21 ఏళ్లకే పూర్తిగా అలిసిపోయాడు. మాల్టా వెళ్లి పోరాడాక ఇక వల్లకాదని శరీరమే చెప్పేసింది. ఆ వయసుకే తన జీవితంలో ముఖ్యమైనదంతా అయిపోయిందన్న భావన పుస్తకం చివర్లో మెల్లగా కమ్ముకుంటుంది. తనకోసం రాసుకున్న కాగితాలు దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయి, 2002లో, ఆయనకు 80 ఏళ్లు వచ్చాక అచ్చయ్యాయి. ఎన్ని విమానాలు కూల్చాడన్నది ఈ పుస్తకంలో దాదాపు పట్టించుకోని సంగతి.

ఆ లెక్కే ఊపిరిగా బతికిన మనుషుల గురించి చెప్పే నవల మరొకటుంది. జేమ్స్ సాల్టర్ ‘ది హంటర్స్’, 1956లో వచ్చింది. సాల్టర్ 1952లో కొరియా యుద్ధంలో ఎఫ్-86 సేబర్ నడిపి, వందకు పైగా సార్లు యాలూ నది దాకా వెళ్లొచ్చినవాడు. ఐదు విమానాలు కూలిస్తే ‘ఏస్’. కూల్చినట్టు తుపాకీకి బిగించిన కెమెరాలో పడాలి, లేదా పక్క విమానం పైలట్ చూశానని చెప్పాలి. నవలలో క్లీవ్ అనే మంచి పైలట్‌కు శత్రువు మిగ్ విమానాలు ఎదురుపడవు. పెల్ అనే కొత్త కుర్రాడు జట్టు నియమాలు తప్పి, తోటివాణ్ణి ప్రమాదంలో వదిలేసి మరీ లెక్క పెంచుకుంటాడు, పొగడ్తలు అందుకుంటాడు. రోజులు గడిచేకొద్దీ క్లీవ్‌కు నిద్ర పట్టదు, తన చేతి మీద తనకే నమ్మకం పోతుంది. ఆఖరున అతను ఒక అబద్ధం చెబుతాడు. అదేమిటో నేను చెప్పను. యుద్ధ నవలల్లో అంత గొప్ప అబద్ధం నేను ఇంకెక్కడా చదవలేదు. ఈ పుస్తకం వచ్చాకే సాల్టర్ వైమానిక దళం వదిలి రచయితగా స్థిరపడ్డాడు.

సాంతెగ్జుపెరీ ‘ఫ్లైట్ టు అరాస్’ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అది మధ్యలో తత్త్వంలోకి వెళ్లి, కొందరికి విసుగు తెప్పిస్తుంది. 1940 మేలో ఫ్రాన్స్ ఓడిపోతోంది. అతను పైలట్‌గా ఉన్న నిఘా దళంలో మూడు వారాల్లో 23 జట్లకు 17 పోయాయి. ఫొటోలు తెచ్చినా అందుకోవడానికి కింద ఎవరూ మిగలరని తెలిసీ ఎగురుతారు. పదివేల మీటర్ల ఎత్తులో చలికి కాలి కింది పెడల్ గడ్డకట్టుకుపోతే దాన్ని తొక్కలేక అవస్థపడటం, కింద రోడ్ల నిండా సామాన్లతో పారిపోతున్న జనం. ఆ రెండు దృశ్యాల కోసమైనా చదవాలి.

కింద ఉన్న జనం అనగానే చెప్పాల్సింది లెన్ డైటన్ ‘బాంబర్’. 1970 నాటి నవల. కథంతా 1943 జూన్ 31న, అంటే క్యాలెండర్‌లోనే లేని ఒక రోజున జరుగుతుంది. బ్రిటిష్ లాంకాస్టర్లు ఒక జర్మన్ పారిశ్రామిక నగరం మీదికి బయల్దేరతాయి. గుర్తు చూపే మంటలు పొరపాటున వేరేచోట పడి, బాంబులన్నీ ఒక చిన్న ఊరి మీద కురుస్తాయి. విమానంలోని ఏడుగురూ, రాడార్ ముందు కూర్చున్న జర్మన్లూ, రాత్రి ఫైటర్లూ, ఊళ్లోని అగ్నిమాపక సిబ్బందీ, పెళ్లికాని పిల్లలూ, అందరికీ డైటన్ సమానంగా చోటిచ్చాడు. బ్రిటిష్ బాంబర్ దళంలో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. వాళ్ల విధి ఒక విడత అంటే 30 దాడులు. అంత చావు తమ నెత్తిన ఉన్న కుర్రాళ్లే రాత్రిపూట ఊళ్లను కాల్చారు. ఈ రెండు నిజాల్నీ ఒకే పుస్తకంలో, ఒకదాన్ని ఇంకోదానితో కప్పెట్టకుండా చెప్పడం చాలా కష్టం.

మన కోస్తా వాళ్లకు ఇది దూరపు సంగతేమీ కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం ఇళ్లు వదిలి పల్లెలకు పోయారు. తెలంగాణ వైపు లంకె ఇంకోరకంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్‌కు బాంబర్లు సమకూరాయి. ఆ విమానాల మీద నిజాం కానుక అని రాసి ఉండేది. వాటిలో ఒకటి 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో కొన్నాళ్లుండి, రెండో యుద్ధ కాలంలో పోలండ్ చేరి, 1977లో బ్రిటన్ వైమానిక దళ మ్యూజియానికి వచ్చింది. 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన స్పిట్‌ఫైర్లతో పోరాడిన 152వ స్క్వాడ్రన్ పేరులోనూ హైదరాబాద్ ఉంది, చిహ్నంలో నిజాం తలపాగా ఉంది. ఆ డబ్బు మన రైతుల శిస్తు నుంచే కదా అన్న ఆలోచన ఆ చిహ్నం చూసినప్పుడల్లా వస్తుంది.

హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ బర్మా యుద్ధంలో హరికేన్లు నడిపి, 1978లో వైమానిక దళాధిపతి అయ్యాడు. భార్య బిల్కీస్ లతీఫ్ ఆయన జీవితకథ రాశారు. బర్మాలో ఆయన కమాండర్ అస్గర్ ఖాన్. విభజన తర్వాత అస్గర్ ఖాన్ పాకిస్తాన్ వైమానిక దళాన్ని నడిపించాడు, లతీఫ్ ఇక్కడే ఉండిపోయాడు. ఇది మనసులో పెట్టుకుని పి.వి.ఎస్. జగన్ మోహన్, సమీర్ చోప్రా కలిసి రాసిన ‘ది ఇండియా-పాకిస్తాన్ ఎయిర్ వార్ ఆఫ్ 1965’ చదివితే, ఎదురెదురు కాక్‌పిట్లలో ఉన్నవాళ్ల పెద్దలు ఒకే మెస్‌లో తిన్నవాళ్లని తెలుస్తుంది. రెండు వైపుల కథనాలనూ పక్కపక్కన పెట్టి, మన నష్టాలను దాచకుండా రాయడం ఆ పుస్తకంలో నాకు నచ్చిన గుణం.

స్వెత్లానా అలెక్సియెవిచ్ ‘ది అన్‌వుమన్లీ ఫేస్ ఆఫ్ వార్’ పూర్తిగా విమానాల పుస్తకం కాదు. అయితే సోవియట్ మహిళా పైలట్లూ, విమానాలకు బాంబులు తగిలించిన అమ్మాయిలూ అందులో స్వయంగా మాట్లాడతారు. కాళ్లకు సరిపోని మగవాళ్ల బూట్లేసుకుని యుద్ధం చేసిన సంగతులు వాళ్ల నోటే వినాలి.

ఎన్‌డీఏ పరీక్షకు చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, ముందు ఫెయిత్ జాన్‌స్టన్ ‘ఫోర్ మైల్స్ టు ఫ్రీడమ్’ కొనివ్వండి. 1971 యుద్ధంలో పట్టుబడ్డ మన పైలట్లు దిలీప్ పారుల్కర్, గ్రేవాల్, హరీశ్ సిన్హ్‌జీ 1972 ఆగస్టులో రావల్పిండి శిబిరం గోడకు కన్నం వేసి పారిపోయారు. ఆఫ్ఘన్ సరిహద్దు నాలుగు మైళ్లుందనగా లండీ కోటల్‌లో ఆగి, లండీ ఖానాకు దారి అడిగారు. మ్యాపులో ఆ పేరుతో రైల్వే స్టేషన్ ఉంది. అసలు ఆ స్టేషన్‌ను 1932లోనే మూసేశారు. ఆ ఒక్క ప్రశ్నతో దొరికిపోయారు. 1972 డిసెంబరులో ఇళ్లకు చేరారు. ఒక్క కాల్పు లేకుండా ఇంత ఉత్కంఠ నిలిపిన యుద్ధ పైలట్ల పుస్తకం నాకు ఇంకొకటి తెలియదు.