ధనుర్మాసంలో గొడ్ల చావిడి

తెల్లవారుజామున బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు పట్టాం. పెనమలూరు వచ్చేసరికి మంచు కమ్మేసింది. పక్కనే ఉన్న బందరు కాలువ కూడా కనపడటం లేదు. ఎదురొచ్చే లైట్లు చాలావరకు పాల వ్యాన్లవే. వాటిలో కొన్ని చిట్టినగర్‌లోని విజయ డెయిరీకి వెళ్తాయి. బెజవాడ వాళ్ళకది ఇప్పటికీ మిల్క్ ప్రాజెక్టే. 1960లలో యూనిసెఫ్ సాయంతో అక్కడ పాలపొడి తయారీకి పూనుకున్నారు. చలికాలంలో మిగిలే పాలను పొడి చేస్తే వేసవి కరువుకు అక్కరకొస్తాయి.

చలికాలంలోనే పాలు ఎందుకు మిగులుతాయో నాతో వచ్చిన మిత్రుడు దారిలో వివరించాడు. అతను గన్నవరం పశువైద్య కళాశాలలో చదువుకున్న డాక్టరు. పగలు కురచయ్యే కాలంలో గేదెలు ఎక్కువగా ఎదకు వస్తాయి. చూడి పది నెలల పది రోజులు. కిందటి మాఘం చలిలో కట్టిన గేదె ఈ మార్గశిరంలో ఈనుతుంది. ఇటలీలో నేపుల్స్ చుట్టుపక్కల గేదెపాలతో మొజరెల్లా చీజ్ చేసే రైతులకు గిరాకీ వేసవిలో ఉంటుంది. అందుకని వాళ్ళు శరదృతువులో దున్నపోతులను మందకు దూరం పెట్టి, వసంతంలో వదిలి, ఈత కాలాన్నే మార్చుకుంటారు. మన డెల్టా రైతుకు ఆ అవసరం రాలేదు. వరి కోతలయ్యాక గడ్డి, పచ్చిమేత చేతికొచ్చేది ఈ రోజుల్లోనే.

కంకిపాడు దాటి ఉయ్యూరు చేరేసరికి చెరకు ట్రాక్టర్లు తగిలాయి. పామర్రు దగ్గర పక్కదారిలోకి దిగాం.

మేం వెళ్ళిన ఇంట్లో ఉన్నవి ఐదు గేదెలే, అన్నీ ముర్రా సంకరం. రెండు ఈనాయి, రెండు చూడివి. ఐదోది ఆ ఉదయం నొప్పుల మీద ఉంది. మూడో ఈత. దాన్ని మిగతావాటికి దూరంగా, పొడిగడ్డి పరిచిన మూలన కట్టారు. పొదుగు బిగిసింది, తోక పక్కన గుంటలు పడ్డాయి. అది పడుకోవడం, లేవడం, వెనక్కి తిరిగి చూసుకోవడం. కోడలు గోనెసంచులు, శుభ్రమైన గుడ్డలు, అయోడిన్ సీసా తెచ్చి దగ్గర పెట్టుకుంది. మామ్మగారు నులకమంచం మీంచి కదలకుండానే అంతా నడిపిస్తున్నారు.

నీటిసంచి పగిలింది. కాసేపటికి రెండు ముందుకాళ్ళ గిట్టలు, వాటి మీద మూతి కనపడ్డాయి. కొడుకు చెయ్యి వేయబోతే మామ్మగారు కేకేశారు.

"లాగమాక! దాని మానాన దాన్ని ఈననియ్యి."

డాక్టరు తలూపాడు. వరస సరిగ్గా ఉన్నప్పుడు తొందరపడి లాగితే తల్లికీ దూడకీ చేటు. తల అడ్డం తిరిగినా, ఒక కాలు వెనక ఉండిపోయినా అప్పుడు ఆగకూడదు, డాక్టరును పిలవాలి. 2022 నుంచి ఈ రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు ఊళ్ళోకే వస్తోంది. ఆ ఇంటి స్తంభానికి ఆ నంబరు రంగుతో రాసి ఉంది.

ఈసారి దాని అవసరం పడలేదు. దూడ గడ్డి మీద పడింది. కోడలు ముక్కులో జిగురు తీసి, గోనెతో ఒళ్ళంతా రుద్ది, బొడ్డు అయోడిన్‌లో ముంచింది. తల్లి నాకడం మొదలుపెట్టింది. కృష్ణా జిల్లా చలి మనకు పెద్ద చలి కాదు. తడి ఒంటితో ఈదురుగాలిలో నేల మీద పడ్డ దూడకు మాత్రం ఇదే ప్రాణగండం.

అసలు వాదన అప్పుడు మొదలైంది. మాయ పడేదాకా దూడకు పాలు పట్టకూడదని మామ్మగారి పట్టు. వాళ్ళ అత్తగారు అలాగే చేసేవారట. డాక్టరు మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"మామ్మగారూ, మనిషి బిడ్డకు రోగాన్ని తట్టుకునే శక్తి కడుపులోనే కొంత అందుతుంది. దూడకు అందదు. దానికి ఆ శక్తి ముర్రుపాలలోనే రావాలి. పొద్దు ఎక్కే కొద్దీ దాని పేగు ఆ శక్తిని లోపలికి తీసుకోవడం తగ్గిపోతుంది. రేపటికి ఎన్ని పాలు పట్టినా లాభం లేదు. మాయ పడటానికి ఎనిమిది, పన్నెండు గంటలైనా పట్టొచ్చు కదండీ?"

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "సర్లే, దాని వాటా అది తాగనియ్యండి" అన్నారు. కోడలు దూడ మూతిని చన్నుకు అందించింది.

ఈ సంగతి నా మనసుకు బాగా పట్టింది. మన డెల్టాలో పాలకున్న లెక్క దూడకు లేదు. దూడ 30 కిలోల చుట్టూ తూగితే, అందులో పదో వంతు, అంటే మూడు లీటర్ల ముర్రుపాలు మొదటి రోజే దాని కడుపులో పడాలి. జున్ను మనకు ఎంత ఇష్టమో అందరికీ తెలుసు. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించి ఇరుగుపొరుగుకు పంచడం మంచి ఆచారమే. కానీ ఆ గిన్నె నింపాల్సింది దూడ తాగాక మిగిలిన పాలతో. దున్నదూడ పుడితే ఈ అశ్రద్ధ ఇంకా ఎక్కువ. పాలివ్వదు, దున్నడానికి ట్రాక్టరుంది. తీరా అది చచ్చిపోతే, దూడ మూతి తగలనిదే చేపని గేదె పాలు బిగబడుతుంది. దూడను నిర్లక్ష్యం చేసిన ఇంటికి చివరికి పాలూ దక్కవు.

ఆ రోజు పుట్టింది పెయ్యదూడ. ఇల్లంతా సంబరపడింది.

ఈనిన గేదెకు ఉలవలు ఉడికించి పెట్టారు. ఆ ఉడికిన నీళ్ళే కాగికాగి మన ఉలవచారు అవుతాయి. పిప్పి గేదెకు, చారు మనకు. కుడితి తొట్టిలో తవుడు, తెలగపిండి కలిపారు. వరి కోయకముందే తడిమట్టిలో చల్లిన పిల్లిపెసర అప్పటికే పచ్చగా ఎదిగింది. మిషన్ కోతలు వచ్చాక గడ్డి నలిగిపోతోందని, గొడ్లు మునుపటిలా తినడం లేదని కొడుకు చెప్పాడు. ఆయన సాయంత్రం పాలకేంద్రానికి పోసింది ముందే ఈనిన గేదెల పాలు. ముర్రుపాలు కాస్తే విరుగుతాయి, కేంద్రం తీసుకోదు. అక్కడ ధర వెన్న శాతాన్ని బట్టి ఉంటుంది.

మర్నాడు చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ వెళ్ళాం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది సరిగ్గా ఈ ఈనే కాలంలోనే. వేలాది మందితో పాటు లెక్కకందనన్ని గొడ్లు పోయాయి. పోయిన గేదె బదులు డబ్బుంటే ఇంకోటి కొనొచ్చు, మంద మాత్రం పెయ్యదూడల్ని పెంచుకుంటేనే తిరిగి నిలబడుతుంది. అవనిగడ్డ దాటాక మేం ఆగిన ఇంట్లో ఈ మాట ఎవరూ నోటితో అనలేదు గానీ, చావిడి గోడ నిండా సుద్దతో రాసిన పట్టిక ఉంది. ఈనిన తేదీ, మాయ పడిన వేళ, దూడ మొదటిసారి తాగిన వేళ, ఏలికపాముల మందు పట్టాల్సిన పదో రోజు. ఆ పాములు తల్లిపాలలోంచే దూడ కడుపులోకి వెళ్తాయి కాబట్టి ఆ రోజు తప్పకూడదు. పట్టికలో ఒక దూడకు గడువు ఆ రోజే. ఇంటాయన మందు సీసా తెచ్చి డాక్టరు చేతిలో పెట్టి, "దీని తూకానికి ఎంత పట్టాలండీ?" అని అడిగాడు. ఇద్దరూ దూడను కాటా మీదికి ఎక్కించారు.