ముందు కొండా? ముందు సముద్రమా?

హవాయి బిగ్ ఐలాండ్‌కి ఐదు రాత్రుల ట్రిప్. హోటల్ బుక్ చెయ్యకముందే ఇంట్లో యుద్ధం మొదలైంది. కోనాలో మాంటా రేల నైట్ డైవ్ మొదటిరోజే కొట్టేద్దామంటుంది మా ఆవిడ. మర్నాడేమో మౌనా కియా, 4,207 మీటర్లు! డైవింగ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోకముందే కొండెక్కితే, బుడగలు కట్టి ప్రాణం మీదికి రావచ్చు. విమానంతోనూ అదే గొడవ. రెండు డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి, నేనైతే 24 అంటాను. అందుకని ముందు వోల్కనో ఊళ్ళో రెండు రాత్రులు, కొండ అప్పుడే. తర్వాత కోనాలో మూడు, డైవ్ నాలుగో రాత్రి. ఐదో రోజు బీచ్‌లో పడుకోవడమే పని.

హోటల్ మారడం దండగట. కోనా నుంచి పోనూ రానూ నాలుగు గంటల పైనే, నడిపేది నేను కదండీ! ఇక కిలవేయాలో లావా కనబడటమంటారా, అది పేలే అమ్మవారి దయ.