ఇసుక కింద కాపలా గదులు

కూర్మన్నపాలెంలో బస్సెక్కి, గాజువాక మీదుగా విశాఖ సముద్రతీరానికి వెళ్లే కుటుంబాలు సాధారణంగా చూసి వచ్చేది కురుసుర జలాంతర్గామిని, ఆపైన అలలను. పిల్లలకు మొక్కజొన్న పొత్తులు కొనిపెట్టి తిరిగి వచ్చేస్తాము. అదే ఒడ్డున ఇసుకలో సగం కూరుకుపోయిన కాంక్రీటు గదిని పాడుబడిన పంపుషెడ్డు అనుకుంటే ఆశ్చర్యం లేదు. అది రెండవ ప్రపంచ యుద్ధకాలపు కాపలా గది. మాత్రల డబ్బాలా ఉందని ఇంగ్లీషువారు దానికి పిల్‌బాక్స్ అని పేరు పెట్టారు. మందపాటి గోడలు, వంగి దూరే ద్వారం, తుపాకీ గొట్టం పట్టేటంత సందులు. అంతే నిర్మాణం.

అంత భయం ఎందుకు కలిగింది? 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను జపాను వశమయ్యాయి. రంగూను మన జిల్లాలవారికి పరాయి ఊరు కాదు. కూలికి, రేవు పనికి వెళ్లినవారు వేలమంది. ఓడ దొరకనివారు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. దారిలోనే కన్నుమూసినవారు ఎందరో! అటువంటివారి మనుమలు మన సంఘాలలోనూ ఉండవచ్చు.

ఆ ఏడు ఏప్రిల్ 5 ఈస్టరు ఆదివారం. ఆ ఉదయమే కొలంబో మీద బాంబులు పడ్డాయి. మరునాడు సోమవారం, ర్యూజో అనే విమానవాహక నౌక నుండి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద దాడి చేశాయి. విశాఖ రేవు తెరచి అప్పటికి తొమ్మిదేళ్లు కాలేదు. ఓడల కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసినది 1941 జూన్‌లోనే. ఆ కొద్ది రోజులలో బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడలు మునిగాయి. పట్నంలోని జనం మూటాముల్లె సర్దుకొని పల్లెలకు తరలిపోయారు. శత్రువు ఒడ్డున దిగడమే తరువాయి అనుకున్నారు. అయితే జపాను సేన ఈ తీరాన దిగనే లేదు. గదుల సందులలో నుండి ఎదురుచూసిన యుద్ధం రాలేదు.

వాటికి అసలు పరీక్ష ఇసుకతోనే. ఈ తీరంలో సంవత్సరంలో ఎక్కువకాలం ఇసుక దక్షిణం నుండి ఉత్తరానికి కదులుతుంది. రేవు కోసం కట్టిన రాతి గోడలు దానిని ఆపుతాయి. అందుచేత ఉత్తరాన ఉన్న పట్నపు బీచి కోసుకుపోతుంది. ఆ లోటు తీర్చడానికి రేవువారు తవ్వి తీసిన ఇసుకను బీచిలో పోయిస్తుంటారు. ఇసుక చేరితే గది మునుగుతుంది. తుపానుకు కోసుకుపోతే మళ్లీ బయటపడుతుంది. రేవును కాయడానికి కట్టిన గదిని రేవు ఇసుకే కప్పడం నాకు విచిత్రంగా తోచింది. కప్పినప్పుడే అది క్షేమం. బయటపడితే కింది ఇసుక జారి గది ఒరిగిపోతుంది, ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పడుతుంది.

చూడగోరేవారు సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు, పగటి పూట వెళ్లండి. పైకి ఎక్కనివ్వకుండా పిల్లల చేయి పట్టుకోండి. అక్కడ అల పైకి కనిపించేదానికంటే లోపల గట్టిగా లాగుతుంది.