గేదె లెక్కా... కుక్క లెక్కా?

రెండు చేతుల్లో ఒదిగిపోయే ప్రాణి. నొప్పి పుట్టినా మూలగదు, అరవదు. దాని బాధను ఎవరు కనిపెట్టాలి? కనిపెట్టినా, అలాంటి జీవికి ఎప్పుడూ వైద్యం చెయ్యని డాక్టరుతో ఏమని మాట్లాడాలి? ఖమ్మంలోని ఓ లెక్కల టీచరమ్మకి ఆ పరీక్ష ఎదురైంది.

ఆ ఇంట్లో కొత్తిమీర కవరు విప్పితే చాలు, హాల్లోంచి ఈల వినిపించాల్సిందే. 'వీక్... వీక్...' అంటూ జున్ను పెట్టే గోల పక్కవాటా వాళ్లకి కూడా అలవాటైపోయింది. జున్ను అంటే గినీపిగ్. తెల్లటి ఒంటిమీద గోధుమరంగు మచ్చలు, నల్లపూసల్లాంటి కళ్లు. కూతురు మూడో తరగతిలో ఉన్నప్పుడు పుట్టినరోజుకి పట్టుబట్టి కొనిపించుకుంది. పాప ఎనిమిదో తరగతికొచ్చింది. జున్నుకీ ఐదేళ్లు నిండాయి. గినీపిగ్‌లు బతికేది ఐదు నుంచి ఎనిమిదేళ్లు. అంటే పెద్దవయసే!

2023 ఆగస్టు. ఓ శనివారం సాయంత్రం. మార్కెట్ నుంచి వచ్చి కవరు విప్పారామె. ఈల రాలేదు.

వెళ్లి చూస్తే, జున్ను మూలన ముడుచుకుని కూర్చుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. కళ్లు సగం మూసుకుంది. మూతి దగ్గర కొత్తిమీర పెడితే వాసన చూసి తల తిప్పేసుకుంది.

'నిన్నటి వానకి చలి చేసుంటుందిలే' అన్నాడు భర్త పేపర్లోంచి తలెత్తకుండా. పాప మాత్రం వంటింట్లోంచి త్రాసు తెచ్చింది. నెలకోసారి దాని బరువు తూచి క్యాలెండర్లో రాయడం ఆ పిల్ల అలవాటు. జులైలో 930 గ్రాములు. ఇప్పుడు 820.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

దాచుకోవడమే దాని రక్ష

గినీపిగ్ పంది కాదు, గినీ దేశానిదీ కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడివాళ్లు వేల ఏళ్ల కిందటే దాన్ని మచ్చిక చేసుకున్నారు, మాంసం కోసం. పెరూలో ఇప్పటికీ 'కుయ్' పేరుతో వండుకుంటారు. డేగలకీ నక్కలకీ ఆహారమైన జాతి అది. మందలో నీరసంగా కనిపించేదే ముందు వేటగాడి కంట్లో పడుతుంది. అందుకే నొప్పి ఉన్నా లేనట్టే ఉంటుంది. మనకి తెలిసేలా ముడుచుకుందీ అంటే... బాధ అప్పటికే ముదిరిందన్నమాట.

ఇంకో చిక్కుంది. దాని పేగులు ఆగకూడదు. రోజంతా గడ్డి నములుతూ ఉంటేనే అవి కదులుతాయి. ఒక్కరోజు తిండి మానేసినా పేగులు మందగించి, కడుపులో గాలి చేరి ప్రాణం మీదికొస్తుంది. నొప్పి వల్ల తినదు, తినకపోతే పేగులు ఆగుతాయి, అవి ఆగితే నొప్పి ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. ముందు నొప్పి తగ్గించడం, కడుపులోకి ఏదో ఒకటి పంపించడం... ఈ రెండూ వెంటనే జరగాలి.

ఇదంతా ఆమె ఆ రాత్రి కూర్చుని చదివింది. పక్కనుంచి అత్తగారు 'నా మోకాళ్ల నొప్పుల మాత్రలో చిన్న ముక్క గీరి వెయ్యరాదూ, పాపం నోరులేని జీవం' అంది. ఆవిడది ప్రేమే. కానీ మనుషుల నొప్పి మాత్ర జంతువులకి విషమవ్వచ్చు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లుల ప్రాణం తీస్తుంది.

'వద్దత్తయ్యా, పొద్దున్నే డాక్టరుకి చూపిద్దాం' అంది కోడలు.

గినీ కోడి తెలుసు, గినీ గడ్డి తెలుసు...

కుందేళ్లు, చిలకలు, గినీపిగ్‌ల లాంటివాటిని ప్రత్యేకంగా చూసే డాక్టరు ఊళ్లో ఎవరున్నారో ఆమెకి తెలియలేదు. హైదరాబాద్ తీసుకెళ్దామంటే రెండొందల కిలోమీటర్లు. ఆ స్థితిలో జున్ను అంత ప్రయాణం తట్టుకుంటుందా? తెలిసిందల్లా, ప్రభుత్వ పశువైద్యుడిగా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక చిన్న క్లినిక్ పెట్టుకున్న ఓ పెద్దాయన.

ఆదివారం పొద్దున్న అట్టపెట్టెలో తువ్వాలు పరిచి తీసుకెళ్లారు. ముందు వరసలో ఒక లాబ్రడార్, ఒక మేక.

డాక్టరుగారు పెట్టెలోకి తొంగిచూసి నవ్వారు. 'గినీ కోళ్లకి మందిచ్చాను. గినీ గడ్డి రైతులతో వేయించాను. గినీపిగ్‌ని మాత్రం కాలేజీలో చదువుకున్నప్పుడు చూడటమే తల్లీ. వైద్యం చెయ్యడం ఇదే మొదలు.'

ఆ మాట విని ఆమె మొదట కంగారు పడింది. తర్వాత ధైర్యం వచ్చింది. తెలియదని చెప్పే డాక్టరైతే అడిగినదానికి కోప్పడరేమో!

ఆయన తొందరపడలేదు. పొట్ట నొక్కి చూశారు. నోట్లోకి లైటు వేసి చూశారు. దీని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వంకరగా పెరిగితే తిండి మానేస్తుంది. ముందు పళ్లు బాగానే ఉన్నాయి. వెనక కాలు పట్టుకోగానే మాత్రం జున్ను కీచుమంది. ఆయన కాలు వదిలేసి, మెడమీది చర్మం రెండు వేళ్లతో పైకి లాగి వదిలారు. అది నెమ్మదిగా వెనక్కి వెళ్లింది. 'ఒంట్లో నీళ్లు తగ్గాయి' అన్నారు.

చీటీ మీద రెండు మందులు రాశారు. ఒకటి నొప్పికి, మెలాక్సికామ్ చుక్కలు. రెండోది ఎందుకైనా మంచిదని అమాక్సిసిలిన్ సిరప్.

రెండో పేరు చూడగానే ఆమె గుండె జారింది. రాత్రి చదివినవాటిలో బాగా గుర్తున్నది అదే. పెన్సిలిన్ జాతి మందుని నోటి ద్వారా ఇస్తే గినీపిగ్ పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, చెడ్డవి పెరిగి, విషం పుట్టి జీవి చనిపోవచ్చు. కానీ ఎలా చెప్పడం? ఆయన వయసేమిటి, అనుభవమేమిటి! 'ఇంటర్నెట్‌లో చదివొచ్చి నాకే చెబుతావా' అంటే?

క్లాసులో పిల్లాడు బోర్డు మీద తప్పు చేసినప్పుడు తను ఏం చేస్తుందో గుర్తొచ్చింది. తప్పని అనదు. 'ఈ మెట్టు ఇంకోసారి చూద్దామా' అంటుంది.

'డాక్టరుగారూ, పెన్సిలిన్ రకం మందులు దీనికి పడవని ఎక్కడో చదివాను. అది ఎంతవరకు నిజమో నాకు తెలియదు. మీరొక్కసారి పుస్తకంలో చూస్తారా?'

ఆయన కళ్లద్దాల మీదుగా చూశారు. లాబ్రడార్ యజమాని కూడా చూశాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆయన లేచి బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీశారు. పేజీలు తిప్పారు. చదివారు. మళ్లీ చదివారు. పెన్ను తీసి రెండో మందు మీద అడ్డంగా గీత కొట్టారు.

'మంచి పని చేశావమ్మా అడిగి' అన్నారు మెల్లగా. 'ఇన్ఫెక్షన్ గుర్తులు కూడా ఏం లేవు. అసలు అవసరమే లేదు.'

నొప్పి మందు మాత్రం వెంటనే ఇవ్వనివ్వలేదు. అది ఆమె చదివినవాటిలో ఎక్కడా పట్టించుకోని సంగతి. ఒంట్లో నీళ్లు లేనప్పుడు ఈ జాతి మందులు వేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయట. ముందు చర్మం కింద సెలైన్ ఎక్కించి, ఆ తర్వాతే మొదటి చుక్క వేశారు.

ఒక్క చుక్క సరిపోతుందా?

ఇంటికొచ్చాక పాపకి పని దొరికింది. గినీపిగ్ బిళ్లల మేత నీళ్లలో నానబెట్టి, మెత్తగా మెదిపి, సూదిలేని సిరంజితో పెదవి పక్కనుంచి కొంచెం కొంచెంగా పెట్టాలి. రెండు మూడు గంటలకోసారి. రాత్రి తండ్రి అలారం పెట్టుకుని లేచాడు. 'ఎలుకలాంటి దానికి ఇంత సేవా' అని నవ్విన మనిషే! మేతతోపాటు క్యాప్సికం ముక్క రసం కూడా. మనలాగే గినీపిగ్ కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు. 1907లో నార్వే శాస్త్రవేత్తలు హోల్స్ట్, ఫ్రోలిక్ దీనికే స్కర్వీ తెప్పించి, ఆ జబ్బు తిండిలో లోపం వల్లే వస్తుందని తేల్చారు. మనుషుల మందుల కోసం ఎన్ని పరీక్షలకు గురైందో ఈ జీవి! దానికి నొప్పి వస్తే మాత్రం వాడేవన్నీ ఎక్కువగా వేరే జంతువుల కోసం తయారైన మందులే.

రెండ్రోజులైనా జున్ను లేవలేదు. సిరంజితో పెట్టింది మింగుతోంది. తనంతట తాను తినడం లేదు. పళ్లు కొరుకుతున్న చప్పుడు. అదీ నొప్పి గుర్తేనట.

మంగళవారం ఆమె ఒక నోటుపుస్తకం కాగితంతో వెళ్లింది. పొద్దునా సాయంత్రం బరువు, ఎన్ని మిల్లీలీటర్లు తిన్నది, ఎన్ని పెంటికలు వేసింది, మందు వేశాక ఎన్ని గంటలు హుషారుగా ఉంది... అన్నీ గడులు గీసి రాసింది. చుక్క వేసిన తర్వాత మూడు నాలుగు గంటలు కాస్త కదిలినట్టు, ఆపైన మళ్లీ ముడుచుకున్నట్టు ఆ గడుల్లో స్పష్టంగా ఉంది.

'మోతాదు తక్కువైందేమోనండీ' అంది.

ఈసారి ఆయన ముఖం బిగుసుకుంది. 'చూడమ్మా, కుక్కకి కిలోకి 0.1 మిల్లీగ్రాము. నీది కిలో కూడా లేదు. ఎక్కువిస్తే కడుపులో పుండు పడుతుంది. మందు నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?'

ఆమె ఒక్క క్షణం ఆగింది. 'మీరే రాయాలి సార్. నేను లెక్క అడుగుతున్నానంతే. గేదెకి ఇదే మందు కిలోకి ఎంతిస్తారు?'

'0.5' అన్నారాయన ఠక్కున. ముప్పై ఏళ్ల అలవాటు! పశువులకి డైక్లోఫెనాక్ వాడటం వల్ల, ఆ కళేబరాలు తిన్న రాబందులు చచ్చిపోతున్నాయని 2004లో బయటపడింది. 2006లో మనదేశం పశువైద్యంలో ఆ మందుని ఆపించింది. రాబందులకి హాని చెయ్యదని తేలిన మెలాక్సికామ్ దాని స్థానంలోకి వచ్చింది. అప్పట్నుంచీ ఆయన సంచిలో అదే.

'అంటే కుక్కకి గేదె మోతాదులో ఐదో వంతేనా? మరి పెద్ద జంతువుకి కిలోకి తక్కువ, చిన్నదానికి ఎక్కువ అన్న లెక్క కూడా కాదుగా?'

'కాదు. జాతిని బట్టి. ఒక్కో ఒళ్లు ఒక్కో వేగంతో మందుని కరిగించేస్తుంది...' అంటూ ఆయనే ఆగిపోయారు. కాగితంలో గడుల వంక మళ్లీ చూశారు. మూడు నాలుగు గంటలు.

ఫోన్ తీశారు.

ఫోన్లో జూనియర్

అవతల ఉన్నది ఒకప్పుడు ఆయన దగ్గర ఇంటర్న్‌షిప్ చేసిన అమ్మాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో కుందేళ్లనీ పక్షుల్నీ చూస్తోంది. స్పీకర్ పెట్టి, 'ఏమ్మా, మీ గురువుకి పాఠం చెప్పాలి' అన్నారు.

ఆ అమ్మాయి బరువు అడిగింది, పెంటికల లెక్క అడిగింది. కాగితంలో అన్నీ ఉన్నాయి. ఆమె చెప్పిన మోతాదు కుక్క లెక్కకి కాదు, గేదె లెక్కకి దగ్గరగా ఉంది! మూత్రం బాగా పోస్తున్నంతవరకే ఇవ్వమంది. దాంతోనూ తగ్గకపోతే బుప్రనార్ఫిన్ లాంటి బలమైన మందులున్నాయి. కానీ అవి 1985 మాదకద్రవ్యాల చట్టం కిందికొస్తాయి. ఈ క్లినిక్‌లో లేవు. అప్పుడు హైదరాబాద్ రావాల్సిందే.

అసలు కారణం కోసం ఎక్స్‌రే తీయమంది. మూత్రాశయంలో రాళ్లు గినీపిగ్‌లకి మామూలే. రాళ్లు లేవు. వెనక కాళ్ల మోకీళ్లు మాత్రం అరిగిపోయి గరుకుతేలాయి.

'నాలాగే మోకాళ్లా దీనిక్కూడా!' అంది నానమ్మ ఇంటికొచ్చాక. ఆ రాత్రి తను పరుచుకునే మెత్తటి పాత బొంత చింపి పంజరంలో వేసింది.

కొత్త మోతాదు మొదలైన రెండో రోజు పొద్దున్న, పాప స్కూలుకి జడ వేయించుకుంటుంటే పంజరంలోంచి కరకర చప్పుడు. జున్ను ఎండుగడ్డి నములుతోంది. కొత్తిమీర కవరు చప్పుడుకి ఈల రావడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

అరిగిన కీళ్లు తిరిగి రావు. మందు రోజూ వెయ్యాల్సిందే. నెలకోసారి డాక్టరు దగ్గరికి బరువు కాగితం తీసుకెళ్లేవాళ్లు. జున్ను మరో ఎనిమిది నెలలు బతికింది. 2024 ఉగాది వెళ్లిన వారానికి, ఓ మధ్యాహ్నం నానమ్మ బొంతమీదే నిద్రలో పోయింది. ముందురోజు సాయంత్రం కూడా కొత్తిమీర తిన్నది.

ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే డాక్టరుగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, 'పాప రాసిన కాగితాలు పారెయ్యకమ్మా, నాకివ్వు. నిన్న ఎవరో ఇంకో గినీపిగ్‌ని తీసుకొచ్చారు' అన్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు...

* గినీపిగ్ తిండి మానేస్తే రేపు చూద్దామనుకోవద్దు. ఆరోజే చూపించాలి.

* వారానికోసారి బరువు తూచి రాయండి. నొప్పిని అది దాచుకుంటుంది, బరువు దాచుకోలేదు.

* తిండి, పెంటికలు, మూత్రం, మందు వేసిన వేళ... కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

* 'ఈ మందు గినీపిగ్‌లకి పడుతుందా, ఒకసారి చూస్తారా' అని అడగటం తప్పు కాదు. ముఖ్యంగా యాంటీబయాటిక్ రాసినప్పుడు అడగండి.

* అలాంటి ప్రాణుల్ని చూసే మరో డాక్టరుతో ఫోన్లో మాట్లాడమని కోరవచ్చు.

* మనుషుల నొప్పి మాత్రలు ముక్క కూడా వెయ్యొద్దు. మోతాదు మీరే పెంచొద్దు, ఆపొద్దు.