చిట్టా పుస్తకంలో దుబాయ్

పెళ్లయి తొమ్మిదేళ్లు. మా ఆయనా నేనూ కలిసి ఉన్న రోజులు లెక్కేస్తే ఏడాది కూడా నిండదు. మా గొల్లపల్లిలో ఇదేం వింత కాదు లెండి, వీధికి నలుగురి కథ ఇంతే.

మొన్న ఫోన్లో "ఈసారి నువ్వూ పాపా వచ్చెయ్యండి" అన్నారు. జీతం 4,000 దిర్హాములైనా ఉండాలి, లేదా 3,000తోపాటు కంపెనీ ఇల్లివ్వాలి. అప్పుడే భార్యాపిల్లలకు వీసా. ఆ గీత దాటడానికే ఆయనకిన్నేళ్లు పట్టింది.

పాలచిట్టా వెనకపేజీలో గీత గీసి రాయడం మొదలుపెట్టాను. ఇక్కడ సొంత పెంకుటిల్లు, పొలం బియ్యం. అక్కడ అద్దెకే జీతంలో సగం. అదీ నెలనెలా కాదు, ఏడాదికి సరిపడా చెక్కులు ముందే రాసివ్వాలట. షార్జాలో కాస్త చవకని చాలామంది అక్కడుండి దుబాయ్‌కి పనికి పోతారు. పోయిరావడానికి ట్రాఫిక్‌లో గంటలు. కొత్తిమీర కట్టని కూడా రూపాయల్లోకి మార్చి గుండె బాదుకుంటుంటే, "అట్లా మారిస్తే ఇక్కడ మంచినీళ్లు కూడా తాగలేవు" అని నవ్వారు.

పక్కనే కూర్చున్న అత్తమ్మ అడిగింది, "నన్ను ఏ దిక్కు రాసినవ్ బిడ్డా?"

బీపీ గోలీలు రాశాను. రాత్రిపూట తోడు రాయలేదు.

ఎండాకాలం సెలవులకు విజిట్ వీసా మీద వచ్చి చూస్తామని, మూడు టికెట్లు ఎంతవుతాయో కనుక్కోమని ఆయనకు చెప్పాను.