రాత్రిపూట నా వంతు గిన్నె

మన ఇళ్లలో ఎవరిని పలకరించినా ముందు వచ్చే మాట "అన్నం తిన్నారా?" అనే. ఇడ్లీలు తిన్నా, చపాతీలు తిన్నా, చివర్లో రెండు ముద్దలు పెరుగన్నం పడకపోతే మనకి తిన్నట్టు కాదు. అలాంటి ఇంట్లో ఒక ఇల్లాలు "రాత్రికి నాకు అన్నం వద్దు, సూప్ తాగుతాను" అంటే ఏమవుతుందో, ఆ సూప్ పిండి లేకుండా చిక్కగా ఎలా వస్తుందో, రెండూ కలిపి ఈ రోజు చెప్పుకుందాం.

ముందు సంగతేమిటో చెప్తాను. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు ఆరో నెలలో నాకు షుగర్ బయటపడింది. కాన్పు కాగానే పోయింది. కానీ అలా వచ్చి పోయినవాళ్లకి ముందు ముందు షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా బాగా ఎక్కువని డాక్టరమ్మ అప్పుడే చెప్పి పంపింది. అందుకని ఏడాదికో రెండేళ్లకో ఒకసారి హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల సగటు చెప్పే పరీక్ష, చేయించుకుంటూ వస్తున్నాను. ఇన్నేళ్లూ గీతకి ఇవతలే ఉండేది. కిందటి వేసవిలో 6.1 వచ్చింది. 5.7 లోపు ఉంటే మామూలు, 6.5కి చేరితే షుగర్ వచ్చినట్టు. నేను ఆ రెండింటి మధ్యా నిలబడ్డానన్నమాట. మందులు అక్కర్లేదు, రాత్రిపూట అన్నం తగ్గించండి, ప్రోటీన్ పెంచండి, భోంచేశాక కాసేపు నడవండి అన్నారు. చీటీ మీద మూడు ముక్కలే. అవి వంటింట్లోకి వచ్చేసరికి ముప్పై ప్రశ్నలయ్యాయి.

రాత్రిపూట మన వంటిల్లు ఎలా నడుస్తుందో మీకు తెలియంది కాదు. అందరికీ వడ్డించాక ఎంత మిగిలితే అంత మనది. మధ్యాహ్నం అన్నం మిగిలిందనుకోండి, పిల్లలకి పెట్టం, ఆయనకి పెట్టం. వేడన్నం వాళ్లకి, చల్లారింది మనకి. పారేయడానికి చేతులు రావు మరి. మన ఆకలెంత అని చూసుకుని కాదు, ఆ గిన్నె ఎంత ఖాళీ కావాలో దాన్నిబట్టి తింటాం. మన అమ్మలూ అలాగే తిన్నారు. కాకపోతే వాళ్లు బావిలో నీళ్లు తోడారు, రోట్లో పిండి రుబ్బారు. మనకి మిక్సీ వచ్చింది, వాషింగ్ మెషీన్ వచ్చింది. గిన్నె అడుగున అన్నం మాత్రం మనకోసం అలాగే మిగిలింది.

వేరే వంట అనేది మా ఇంట్లో కొత్తేమీ కాదు. అత్తయ్యగారికి బీపీ వచ్చినప్పటి నుంచి ఆవిడ పప్పు ఉప్పు వేయకముందే తీసి పెడతాను. మావారికి కొలెస్ట్రాల్ అన్నారు, ఆయనకి వేపుళ్లు మాన్పించి నాలుగేళ్లు. అమ్మాయికి బెండకాయ జిగురుంటే పడదు. అబ్బాయికి కూరలో కరివేపాకు కనపడకూడదు. ఇన్ని గిన్నెలు పొయ్యి ఎక్కించే చెయ్యి, నాకోసం ఇంకో గిన్నె పెట్టాలనేసరికి ఆగింది. నా ఒక్కదానికోసం గ్యాసు దండగేమో, నా ఒక్కదానికోసం చికెన్ తెప్పించడమేమిటి, వాళ్లందరూ అన్నం తింటుంటే నేను వేరేగా గిన్నె పట్టుకుని కూర్చోవడం బాగుంటుందా... ఇలా. నిజానికి ఎవరూ వద్దనలేదు. వద్దనే గొంతు మన లోపలే ఉంటుంది.

సూప్ ఎందుకంటే, రాత్రి ఎనిమిదిన్నరకి నాలుగు పొడి చికెన్ ముక్కలూ, కీరా ముక్కలూ తిని లేస్తే పొట్ట నిండుతుందేమో గానీ మనసు నిండదు. వేడివేడిగా, చిక్కగా, చెంచాతో తీసుకుంటే గొంతులో మెత్తగా జారేది ఏదో ఒకటి కావాలి. హోటల్లో ఇచ్చే క్రీమ్ ఆఫ్ చికెన్ సూప్ అలాగే ఉంటుంది కదా. కానీ ఆ చిక్కదనం చాలావరకు వెన్నలో వేయించిన మైదాది. స్వీట్ కార్న్ సూప్‌లో అయితే కార్న్‌ఫ్లోర్‌ది. అన్నం మానేసి ఆ పిండి తాగితే ఏం లాభం? అందుకని మైదా చేసే పని కాలీఫ్లవర్ చేత చేయించాలి. మెత్తగా ఉడికించి రుబ్బితే అది వెన్నలా అయిపోతుంది, రంగు కూడా తెలుపే. క్రీమ్‌తో కలిసిపోతే కాలీఫ్లవర్ ఉందని కనిపెట్టడం కష్టం.

ముగ్గురికి సరిపడా కొలతలు చెప్తాను. ఎముకతో ఉన్న చికెన్ అరకిలో. తొడ ముక్కలు అడగండి, రసం వాటిలోంచే బాగా దిగుతుంది. కాలీఫ్లవర్ పావుకిలో, చిన్న ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి ఆరు రెబ్బలు, అంగుళం అల్లం ముక్క, వెన్న రెండు చెంచాలు, ఫ్రెష్ క్రీమ్ 100 మిల్లీలీటర్లు, అప్పటికప్పుడు దంచిన మిరియాలు ఒక చెంచా, ఉప్పు, అర నిమ్మచెక్క, గుప్పెడు కొత్తిమీర.

కొత్తిమీర ఆకు తుంచి పక్కన పెట్టుకోండి, కాడలు పారేయకండి. చికెన్, అల్లం, ఆ కాడలు, కొంచెం ఉప్పు కుక్కర్లో వేసి లీటరు నీళ్లు పోసి మూడు కూతలు రానివ్వండి. ఆవిరి దానంతట అదే పోయాక ముక్కలు తీసి, రసం వడకట్టుకోండి. చల్లారిన ముక్కల్ని ఎముక నుంచి విడదీసి చేత్తో పీచుగా చీరుకోవాలి. ఎముక చిన్న పలుకు కూడా మిగలకుండా వేళ్లతో చూసుకోండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే మరీను.

ఈలోపు కాలీఫ్లవర్‌ని పువ్వులుగా విడదీసి, పసుపూ ఉప్పూ వేసిన వేణ్ణీళ్లలో పది నిమిషాలు ఉంచితే పురుగులుంటే తేలిపోతాయి. మందపాటి గిన్నెలో వెన్న కరిగించి వెల్లుల్లి, ఉల్లిపాయ మెత్తబడేదాకా వేయించండి. ఎర్రబడనివ్వొద్దు, సూప్ రంగు మారుతుంది. కాలీఫ్లవర్ వేసి నాలుగైదు నిమిషాలు కలిపి, రెండు గ్లాసుల చికెన్ రసం పోసి మూత పెట్టండి. గరిటెతో నొక్కితే చితికిపోవాలి, అంతవరకూ ఉడకాలి. సగం ఉడికితే మిక్సీలో బరకగానే ఉంటుంది, మీగడ నునుపు రాదు. బాగా చల్లారాకే మిక్సీలో వెయ్యండి. వేడిది వేస్తే ఆవిరి మూతని ఎగదోస్తుంది, చేతులు కాలతాయి.

రుబ్బింది మళ్లీ గిన్నెలో పోసి, మిగిలిన రసంతో మీకు కావలసినంత పల్చన చేసుకుని, చికెన్, మిరియాలు వేసి ఒక ఉడుకు రానివ్వండి. అప్పుడు మంట పూర్తిగా తగ్గించాలి. క్రీమ్‌ని చిన్న గిన్నెలో తీసుకుని, ఒక గరిటెడు వేడి సూప్ పోసి కలిపి, ఆ తర్వాతే పెద్ద గిన్నెలో పొయ్యండి. క్రీమ్ పడ్డాక తెర్లనివ్వకూడదు, విరిగే ప్రమాదం ఉంది. నిమ్మరసం పొయ్యి ఆపేశాక, తాగబోయే ముందు పిండుకోవాలి. పైన కొత్తిమీర. ఫ్రెష్ క్రీమ్ లేకపోతే ఇంట్లో పాల మీగడ చాలు, ఉండలు లేకుండా బాగా చిలికి పొయ్యండి. మా ఇంట్లో సోమవారం, శనివారం నీచు ముట్టం. ఆ రోజుల్లో ఇదే పద్ధతిలో పుట్టగొడుగులు, పనీర్ ముక్కలు వేస్తాను.

లెక్క కూడా చూసుకుందాం. చికెన్‌లో పిండిపదార్థం లేనట్టే. వంద గ్రాముల కాలీఫ్లవర్‌లో అయిదు గ్రాములు. ఉల్లిపాయ, వెల్లుల్లి, క్రీమ్ అన్నీ కలుపుకున్నా ఒక్కొక్కరికీ ఎనిమిది, తొమ్మిది గ్రాముల దగ్గర తేలుతుంది. అదే 200 గ్రాముల తెల్లన్నం తింటే 55 గ్రాముల పైన. తేడా మీరే చూడండి.

వంట కుదిరింది. ఇల్లు కుదరడానికి కొంచెం టైము పట్టింది. మొదటి రాత్రి నేను సూప్ గిన్నెతో కూర్చుంటే అత్తయ్యగారు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు. రెండో రాత్రి మావారిని పక్కకి పిలిచి, "ఏమన్నావురా దాన్ని? అన్నం మానేసింది" అని నిలదీశారట. ఆయన నవ్వుతూ వచ్చి నాకు చెప్తే నాకూ నవ్వొచ్చింది. మర్నాడు కూరగాయలు తరుగుతూ ఆవిడే బయటపడ్డారు. "మా రోజుల్లో కోడలు రాత్రి అన్నం ముట్టకపోతే అలిగిందనే అర్థమే. నాలుగు రోజులు వరసగా తినకపోతే వీధిలో అత్తగారినే అనేవాళ్లు. దేవుడికని ఒక్కపొద్దు ఉంటే వేరు. ఊరికే మానేస్తే ఎట్లా?"

రిపోర్టు తెచ్చి చూపించాను. అంకెలు ఆవిడకి పట్టలేదు. బి.ఏ.లో తెలుగు చదివిన పుణ్యాన, "అత్తయ్యా, సంస్కృతంలో అన్నం అంటే తినేది ఏదైనా సరేనండీ. వరి మెతుకులే అన్నం అని మనం అనుకున్నాం గానీ. ఆ లెక్కన ఈ సూపూ అన్నమే" అన్నాను. ఆవిడ కత్తిపీట మీంచి తలెత్తి, "అయితే మీ మాస్టారు కూడా ఇదే తాగి పాఠం చెప్పాడేమో" అన్నారు. ఆ మాటతో మా మధ్య సగం బరువు దిగిపోయింది. తర్వాత వారం, "అదేదో తెల్ల చారు కాస్త ఇలా పొయ్యి చూద్దాం, ముక్కలొద్దు" అన్నారు. ఉప్పు చాల్లేదన్నారు. బీపీకి ఆ మాత్రమే మంచిదన్నాను.

అక్కడ ఇంకో చిక్కు మొదలైంది. అత్తయ్యగారు తాగారని అమ్మాయి బ్రెడ్డు ముక్క ముంచుకుంది. చదువుకుంటూ ఆకలేస్తోందని అబ్బాయి గిన్నె తెచ్చుకున్నాడు. ఆయన "కొంచెం రుచికి" అని గరిటె పట్టుకున్నారు. అందరూ లేచి నేను కూర్చునేసరికి అడుగున గరిటెడు సూప్ మిగిలింది, పక్కన మధ్యాహ్నం అన్నం ఎదురు చూస్తోంది. నాకోసం పెట్టుకున్న గిన్నెలో కూడా నాకు అడుగే మిగిలింది చూశారా! వాళ్లేమీ కావాలని చేయలేదు. అమ్మ వండింది అందరిదీ అని పెరిగారు, అది మంచి పెంపకమే.

ఆ తర్వాత నుంచి కొలత రెట్టింపు చేశాను. దించగానే ముందు నా గిన్నె నింపి, మూత పెట్టి, పక్కన ఉంచి, అప్పుడు వడ్డించడం మొదలుపెట్టాను. చెప్తే చిన్న విషయం. ఇరవై ఏళ్లు ఆఖరున వడ్డించుకున్న చేతికి అది చిన్న విషయం కాదు. మొదట్లో ఎవరి వంతో దొంగిలించినట్టు వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని. ఒకరోజు అబ్బాయి ఆ మూత తీయబోతే, వాళ్ల నానమ్మ హాల్లోంచి, "ఒరేయ్, అది మీ అమ్మది, ముట్టుకోకు" అని కేకేశారు. ఆ మాట విని పొయ్యి వైపు తిరిగి కాసేపు అలాగే నిలబడ్డాను.

అన్నం సంగతీ తేల్చాను. రెండు గ్లాసుల బియ్యం చోట గ్లాసున్నర పోస్తున్నాను. అయినా మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే పులిహోర కలిపి అందరికీ పెడుతున్నాను, నా ఒక్కదానికే కాదు. మధ్యాహ్నం నేను అన్నం తింటాను, కాకపోతే ఒక కప్పు అన్నం, రెండు కప్పుల కూర. రాత్రి భోజనమయ్యాక పక్కింటావిడతో కలిసి ఇరవై నిమిషాలు నడక. నాలుగు నెలల తర్వాత పరీక్షలో 5.8 వచ్చింది. అంతా సూప్ మహిమ అనను. ఇవన్నీ కలిస్తేనే ఆ అంకె.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇప్పటికే షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి అన్నం మానేస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. డాక్టర్‌తో మాట్లాడాకే మార్చుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ప్రోటీన్ ఎంతవరకూ తినొచ్చో అడిగి తెలుసుకోండి. క్రీమ్, వెన్న కొవ్వే కాబట్టి చెప్పిన కొలత దాటొద్దు. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి పోయిన మనవాళ్లు మాత్రం, ఇప్పుడు ఎంత బాగున్నా సరే, కనీసం మూడేళ్లకోసారైనా పరీక్ష చేయించుకోవాలి. మీ అక్కచెల్లెళ్లలో అలాంటివాళ్లుంటే ఈ ఒక్క మాట వాళ్ల చెవిన వెయ్యండి.

మీ ఇంట్లో కాలీఫ్లవర్ ఉంటే ఈ వారమే చేసి చూడండి. చికెన్ లేకపోతే పుట్టగొడుగులతో చెయ్యండి. ఏది చేసినా, పొయ్యి మీంచి దించాక మొదటి గరిటె మీ గిన్నెలో పడాలి.