మేకమిన్సార్



ఈ నెల గోడ పత్రికకి 9వ తరగతి నుంచి నన్ను రాయమన్నారు. కథలు, పొడుపు కథలు, సామెతలు మిగతావాళ్ళు ముందే తీసేసుకున్నారు. నాకు మిగిలింది ఇంగ్లీషు గ్రామరు. పేజీ తిప్పేద్దామంటే గోడ పత్రికకి పేజీలు ఉండవు కదా! కాబట్టి నిలబడి చదవండి. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా రాశాను.

నేను 2022లో 6వ తరగతికి ఈ హాస్టల్‌కి వచ్చాను. ఆ ఏడు ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. చింతపల్లి అవతల ఉన్న మా ఊరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందు రెండూ విశాఖపట్నం జిల్లాయే. మా నాన్న నన్ను లంబసింగి ఘాటీ మీదుగా బస్సులో తీసుకొచ్చి, పెట్టె దించి, "బాగా చదువుకో అమ్మా" అని వెళ్ళిపోయాడు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. ఇంట్లో కువి మాట్లాడతాం. తెలుగు సంతలోనూ, మా ఊరి బడిలోనూ నేర్చుకున్నాను. ఇంగ్లీషు నాకు మూడోది.

మొదటి రోజు క్లాసు గుమ్మం దగ్గర ఒక్కొక్కరూ ఆగి "మేకమిన్సార్" అని అరిచి లోపలికి పోతున్నారు. మేక అంటే నాకు తెలుసు, మా ఇంటి దగ్గర నాలుగున్నాయి. ఇంతమంది సారుని మేక గురించి ఎందుకు అడుగుతున్నారో అర్థం కాలేదు. అయినా నేనూ అలాగే అరిచాను. సారు రానిచ్చారు. తర్వాత ఎవరో చెప్పారు, అది "నేను లోపలికి రావచ్చునా సార్" అని. అర్థం తెలిసింది గానీ, అందులో "మే" అన్నది ముందుకి ఎందుకు వచ్చిందో నేను అడగలేదు. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. 7వ తరగతిలో నా పెట్టె పక్కన ఒక అమ్మాయి పెట్టె ఉండేది. పేరు రాయను, పాతవాళ్ళకి తెలుసు. లెక్కల్లో మా అందరికన్నా ముందుండేది. ఒక రోజు మేడం సంచీ సర్దుకుంటుంటే ఆ అమ్మాయి ధైర్యం చేసి ఇంగ్లీషులో అడిగింది. "మేడం, యు ఆర్ గోయింగ్?" అంది. క్లాసంతా నవ్వింది. ముందు నవ్వింది నేనే. "ఆర్ యు గోయింగ్ అనాలే" అని పెద్ద తెలిసినదానిలా చెప్పాను. ఎందుకలా అనాలో నాకే తెలీదు. ఆ తర్వాత వారం రోజులు కుళాయి దగ్గరా, అన్నం లైనులోనూ ఆ అమ్మాయి కనబడితే చాలు "యు ఆర్ గోయింగ్" అని ఏడిపించాం. ఆ అమ్మాయి ఇంక క్లాసులో ఏమీ అడగలేదు. సంక్రాంతి సెలవులకి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇంట్లో తమ్ముణ్ణి చూసుకోవాలట అన్నారు. అదే కారణమై ఉండొచ్చు. కానీ నాకు ఆ నవ్వే గుర్తొస్తుంది.

ఈ ఏడు మేడం ప్రశ్నలు తయారు చెయ్యడం నేర్పారు. ముగ్గురిని నిలబెట్టి ఒకరికి "యు", ఒకరికి "ఆర్", ఒకరికి "కమింగ్" అని రాసిన పలకలు ఇచ్చారు. అలా వరసగా నిలబడితే "నువ్వు వస్తున్నావు" అని చెప్పడం. తర్వాత "ఆర్" పట్టుకున్న అమ్మాయిని "యు"కి ముందుకి రమ్మన్నారు. "ఆర్ యు కమింగ్?" అంతే, అడగడం అయిపోయింది. మాటలు మారలేదు, లైనులో చోటు మారింది. ఇంగ్లీషులో ముందుకి వచ్చేది సహాయ క్రియ. ఆర్, ఈజ్, క్యాన్, విల్, మే, ఇవన్నీ అవే. "ఐ మే కమిన్" అంటే చెప్పడం, "మే ఐ కమిన్" అంటే అడగడం. మన మేక కథ అక్కడ తేలింది!

సహాయ క్రియ లేకపోతే? "యు నో హర్" అన్నదాంట్లో ముందుకి పంపడానికి ఎవరూ లేరు. అప్పుడు "డు" అనే మాటని పిలుస్తారు. "డు యు నో హర్?" అవుతుంది. "షి నోస్" అయితే నోస్ చివరున్న ఎస్ కూడా డు దగ్గరికి పోయి "డజ్ షి నో" అవుతుంది. నోస్ దగ్గర మళ్ళీ ఎస్ ఉంచితే తప్పు. షేక్‌స్పియర్ రోజుల్లో, అంటే 400 ఏళ్ళ కిందట, డు లేకుండా ఆ క్రియనే ముందుకి తెచ్చి "నో యు" అని కూడా అడిగేవారట. జర్మన్ భాషలో ఇప్పటికీ అలాగే క్రియ ముందుకి వస్తుందట. "హూ కేమ్" లాంటి దాంట్లో మాత్రం ఎవరూ కదలరు, ఎందుకంటే హూ అన్నదే కర్త చోట నిలబడి ఉంది.

మరి తెలుగులో? "నువ్వు ఊరికి వెళ్తావు" అన్నదానికి చివర "ఆ" పెడితే "నువ్వు ఊరికి వెళ్తావా?" ఎవరూ చోటు మారక్కర్లేదు. పైగా ఆ "ఆ"ని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. "నువ్వా ఊరికి వెళ్తావు?", "నువ్వు ఊరికా వెళ్తావు?" అని ఒక్కో అనుమానం ఒక్కో రకంగా అడగొచ్చు. ఒక్కోసారి "ఆ" కూడా లేకుండా గొంతు పైకి లేపి "వచ్చేస్తున్నావ్?" అంటే చాలు. ఇంగ్లీషుకి చివర తగిలించడానికి "ఆ" లేదు, అందుకే మనుషుల్ని లైనులో మారుస్తుంది.

ఇది తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ అమ్మాయి తెలివితక్కువగా అడగలేదు. మన ఇళ్ళల్లో అడిగినట్టే, వరస మార్చకుండా గొంతు లేపి అడిగింది. మేడంని అడిగితే, ఇంగ్లీషు వాళ్ళు కూడా మాటల్లో ఆశ్చర్యపోయినప్పుడు "యు ఆర్ గోయింగ్?" అంటారని, పరీక్షలో మాత్రం అలా రాయకూడదని చెప్పారు. మేం నవ్వినంత తప్పు అందులో లేదు.

ఇంకా కొన్ని చోట్ల కూడా ఈ వరస తిరగబడుతుంది. "హియర్ కమ్స్ ద బస్" అంటారు. బస్సు బదులు "ఇట్" పెడితే మాత్రం "హియర్ ఇట్ కమ్స్". "నెవర్" ముందు పెడితే సహాయ క్రియ వెంటనే వస్తుంది. "నెవర్ హ్యావ్ ఐ సీన్ ద సీ." నేను సముద్రం ఎప్పుడూ చూడలేదు, ఇది నిజం. మర్యాదగా దారి అడగాలంటే "కుడ్ యు టెల్ మి వేర్ ద బస్టాండ్ ఈజ్?" ఇక్కడ "కుడ్" ముందే వచ్చేసింది కాబట్టి "ఈజ్" చివర ఆగిపోతుంది. దాన్ని కూడా ముందుకి లాగితే మార్కు పోతుంది, చూసుకోండి.

అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది ఒకటుంది. "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్" అంటే "నాకు తెలిసి ఉంటే" అని. ఇఫ్ తీసేసి హ్యాడ్‌ని ముందుకి తెస్తే అదే అర్థం. "హ్యాడ్ ఐ నోన్." చూడ్డానికి ప్రశ్నలాగే ఉంటుంది గానీ అడగడం కాదు, బాధపడడం. మేడం సొంత వాక్యం రాయమంటే నేను "హ్యాడ్ ఐ నోన్, ఐ వుడ్ నాట్ హ్యావ్ లాఫ్డ్" అని రాశాను. మేడం టిక్కు పెట్టారు. ఎందుకు రాశానో అడగలేదు.

దసరా సెలవుల్లో చింతపల్లి సంతలో ఆ అమ్మాయి కనబడింది. వాళ్ళమ్మ పక్కన అడ్డాకుల కట్టలు పెట్టుకుని కూర్చుంది. ఏ తరగతి, పాఠాలు ఎంతవరకు అయ్యాయి అని అన్నీ అడిగింది. నేను తప్పు ఒప్పుకుందామనుకున్నాను, నోరు రాలేదు. మా నాన్న జీపు దగ్గర నుంచి పిలిచాడు. అప్పుడు ఆ అమ్మాయి నవ్వుతూ "యు ఆర్ గోయింగ్?" అంది. నేను ఏమీ చెప్పలేక తల ఊపి వచ్చేశాను.

స్నేహితులారా, కొత్తగా వచ్చిన చిన్న పిల్లలు వరస తప్పి ఇంగ్లీషు మాట్లాడితే నవ్వకండి. వరస రేపైనా నేర్చుకోవచ్చు. అడగడం మానేస్తే మళ్ళీ మొదలుపెట్టడం కష్టం.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. నాకు ఎదురుగా అడిగే ధైర్యం లేక గోడ మీద రాస్తున్నాను. ఆ అమ్మాయికి మళ్ళీ సీటు ఇవ్వడానికి వీలవుతుందా? ఇంగ్లీషులో కూడా రాస్తాను. "మేడం, క్యాన్ షి కమ్ బ్యాక్?" క్యాన్‌ని ముందే నిలబెట్టాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని